కరువులో మూసిన తలుపు – క్లౌ దొరగారి జీవితము



ఈ మాసము యోహాను సువార్త 6వ అధ్యాయమును ధ్యానించుచున్నాము. రొట్టెలు తిని తృప్తిపొందిన జనులు మరునాడు ప్రభువును వెదకుచు వచ్చిరి. వారు ఎందుకు వచ్చిరో ఆయన దాచక చెప్పెను. అయినను ఆకలిగొన్నవారికి ముందుగా రొట్టె పెట్టినవాడు ఆయనయే. ఈ రెండు సంగతులను మన నెల్లూరు తీరమున ఆచరించి చూపిన సేవకుడొకరు కలరు.

జాన్ ఎవరెట్ క్లౌ దొరగారు 1836లో అమెరికాలోని న్యూయార్కు రాష్ట్రమున జన్మించిరి. యౌవనమున మిన్నెసోటాలో భూములు కొలుచు సర్వేయరు పని చేసిరి. 1865లో నెల్లూరు చేరి, మరుసటి యేట ఒంగోలులో నివాసమేర్పరచుకొనిరి. అప్పుడు ఒంగోలు నెల్లూరు జిల్లాలోనిదే. ఎర్రగుంట్ల పేరయ్యగారు మొదలైన మాదిగ సహోదరులు ఆయన బోధ విని, సువార్తను పల్లెపల్లెకు మోసికొనిపోయిరి.

1876లో ధాత కరువు వచ్చెను. వానలు లేవు, పంటలు లేవు. రాజధాని అంతట లక్షలమంది మరణించిరి. ప్రభుత్వము కరువు పనిగా బకింగ్‌హాం కాలువ త్రవ్వించుచుండగా, క్లౌ దొరగారు అందులో మూడు మైళ్లకు పైగా గుత్తకు తీసికొనిరి. నాటి సర్వేయరు విద్య ఇప్పుడు అక్కరకు వచ్చెను. బోధకులే మేస్త్రీలైరి. క్రైస్తవులు కానివారును వేలాదిగా వచ్చి, పార పట్టి, తట్ట మోసి, కూలి పుచ్చుకొనిరి. అది భిక్షము కాదు, కష్టార్జితము. పని నడుమ అలసి కూర్చున్నవారికి బోధకులు ప్రభువును గూర్చి చెప్పిరి.

అనేకులు బాప్తిస్మము కోరిరి. దొరగారు ఇయ్యలేదు. కూటికొరకు విశ్వాసము అమ్ముడుపోరాదని, పదిహేను నెలలు ఆ తలుపు మూసియుంచిరి. 1878 నడుమ సహాయపు సొమ్ము అయిపోయినదని తెలిపిన పిమ్మటను జనులు వెనుకకు పోలేదు. జూలై 3వ తేదీన వెల్లంపల్లి యొద్ద గుండ్లకమ్మలో 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఇచ్చినవారు దొరగారు కాదు, మన తెలుగు బోధకులే. ఆయన 1910లో అమెరికాలో ప్రభువునందు నిద్రించిరి.

ఆ కరువు ప్రభుత్వమునకును పాఠమాయెను. 1880లో కరువు కమీషను తన నివేదిక నిచ్చెను. శక్తిగలవారికి పని, లేనివారికి ఉచిత సహాయము ఇచ్చుట పాలకుల విధియని కరువు నిబంధనలు ఏర్పడెను. పిదప 2005లో గ్రామీణులకు పని హక్కునిచ్చు చట్టము వచ్చెను.

సర్కారు ఎంత చేసినను మన వంతు మిగిలియే యున్నది. మేము మా తప్పు ఒప్పుకొందుము. ఒక తుపాను వేళ బియ్యము పంచునప్పుడు, గుడికి వచ్చువారి పేర్లే పట్టికలో ముందు వ్రాసితిమి. చివర నిలిచిన ఒక ముసలమ్మ వట్టి సంచితో వెళ్లిపోయెను. కరువులో దొరగారు మూసినది బాప్తిస్మపు తలుపు. మేము మూసినది అన్నపు తలుపు. మరల తుపాను రాకమునుపే మన పట్టికలను ప్రభువు సన్నిధిని సరిచూచుకొందము.