పునీత దామియాను: కాలినా తెలియని పాదం

మసిగుడ్డ లేకుండా పొయ్యి మీది గిన్నె పట్టుకుని చటుక్కున వదిలేసిన అనుభవం మీలో చాలామందికి ఉండే ఉంటుంది. కాలిందని మనకు తెలిసే లోపే చెయ్యి వెనక్కు వచ్చేస్తుంది. అలా రాకపోతే ఏమవుతుంది? 1884 డిసెంబరులో ఒక గురువుకు ఆ సంగతి తన పాదం వల్లనే తెలిసింది. ఆయనే మొలొకాయ్ ద్వీపపు దామియాను గారు.

ఆయన 1840 జనవరి 3న బెల్జియంలోని ట్రెమెలో గ్రామంలో ఒక రైతు ఇంట పుట్టారు. జ్ఞానస్నానపు పేరు జోసెఫ్. యేసు మరియల తిరుహృదయాల సభలో చేరారు. హవాయి దీవులకు వెళ్ళవలసిన అన్నగారు జబ్బు పడితే, ఆయనకు బదులుగా తానే ఓడ ఎక్కారు. 1864లో హొనొలులు చేరి, ఆ ఏడే గురుపట్టం పొందారు.

ఆ రోజుల్లో హవాయి ప్రభుత్వం కుష్ఠు రోగులను పట్టుకుని మొలొకాయ్‌కు పంపేది. వారిని ఉంచిన చోటుకు మూడు వైపులా సముద్రం, నాలుగో వైపు నిట్టనిలువు కొండ. 1873 మే 10న దామియాను గారు అక్కడికి వెళ్ళారు. గురువులు వంతులవారీగా వెళ్ళి రావాలన్నది మొదటి ఏర్పాటు. ఆయన మాత్రం అక్కడే ఉండిపోయారు. పుండ్లు కడిగి కట్లు కట్టారు, ఇళ్ళు కట్టారు, శవపేటికలు చేశారు, రోగులతో కలిసి ఒకే పాత్రలో తిన్నారు.

ఆ పుండ్ల గురించి కొంచెం ఆగి చెప్పుకోవాలి. మన చర్మంలో నరాల కొసలు కోకొల్లలు. కొన్ని మెత్తని స్పర్శను, కొన్ని కంపనాన్ని, ఏ తొడుగూ లేని మరికొన్ని వేడినీ చలినీ నొప్పినీ పసిగడతాయి. స్పర్శ వార్త కొవ్వు తొడుగున్న లావుపాటి నరపు పోగుల్లో సెకనుకు సుమారు 50 మీటర్లు పరుగెత్తుతుంది. మంట వార్త సన్నని పోగుల్లో సెకనుకు ఒక మీటరు చొప్పున నడిచి వస్తుంది. కాలి బొటనవేలు గడపకు తగిలినప్పుడు గమనించండి. ముందు తగిలిందని తెలుస్తుంది, ఒక క్షణం తరువాత సలుపు మొదలవుతుంది.

కుష్ఠు క్రిమికి చల్లని చోట్లంటే ఇష్టం. అందుకే చేతులు, పాదాలు, చెవి తమ్మెల దగ్గరి నరాలలో దూరి కాపురం పెడుతుంది. దానిని నార్వేలో హాన్సెన్ అనే వైద్యుడు గుర్తించింది కూడా 1873లోనే. సాధారణంగా ముందుగా పోయేది వేడి, నొప్పి తెలియడం. ఆ తరువాత ముల్లు గుచ్చుకున్నా మనిషి నడుస్తూనే ఉంటాడు, నిప్పు తగిలినా చెయ్యి తియ్యడు. పుండు పడుతుంది, చీము పడుతుంది, వేళ్ళు అరిగిపోతాయి. రోగమే మాంసాన్ని తినేస్తుందని లోకం ఎంతో కాలం నమ్మింది. నొప్పి లేకపోవడమే చాలామట్టుకు కారణమని మన వేలూరులో పనిచేసిన డాక్టర్ పాల్ బ్రాండ్ 1946 తరువాతి సంవత్సరాలలో చూపించారు. దామియాను గారు కడిగిన పుండ్లలో ఎన్నో ఇలాంటివే అయి ఉండాలి. పుండంత లోతుగా ఉన్నా మూలుగు వినిపించకపోవడం ఎంత భయంకరమో ఊహించండి!

ఆయన ఎడమ కాలు కొన్నేళ్ళు బాగా బాధ పెట్టింది. వాచిన నరం అలాగే సలుపుతుంది. తరువాత ఆ బాధ తగ్గింది. తగ్గిందని సంతోషించవలసింది కాదు, నరం మూగబోయిందన్నమాట. ఆ డిసెంబరులో పాదాన్ని మరిగే నీళ్ళలో పెట్టారు. బొబ్బలు లేచాయి గాని, వేడి తెలియలేదు. వైద్యులు చూసి కుష్ఠు అని నిర్ధారించారు.

ఈనాడు ఆ మాట వింటే అంత భయం అక్కరలేదు. 1981 తరువాత వచ్చిన బహుళ ఔషధ చికిత్సతో రోగం నయమవుతుంది. కాని చచ్చిన నరం తిరిగి రావడం కష్టం. ఇంట్లో ఎవరికైనా ఒంటి మీద స్పర్శ లేని మచ్చ కనిపిస్తే, నొప్పి లేదుగదా అని ఊరుకోకుండా వెంటనే డాక్టరుకు చూపించండి.

దామియాను గారికి ఆ మందులు అందలేదు. ఇంకా నాలుగేళ్ళకు పైగా పనిచేసి, 1889 ఏప్రిల్ 15న 49 ఏళ్ళ వయసులో కన్నుమూశారు. 1936లో ఆయన దేహాన్ని బెల్జియంలోని లూవెన్‌కు తీసుకువెళ్ళారు. 2009 అక్టోబరు 11న పునీతుడిగా ప్రకటించారు. అంతకు ముందు, 1995లో ధన్యజీవి అయినప్పుడు, ఆయన కుడిచేతి అవశేషాలను మొలొకాయ్ ప్రజలకు తిరిగి ఇచ్చారు. ఎన్నో పుండ్లు కడిగిన ఆ చెయ్యి ఇప్పుడు అక్కడి పాత సమాధిలోనే ఉంది.