డే దొరగారి కుటుంబము

నెల్లూరులో మొదట కాపురముండిన అమెరికన్ బాప్టిస్టు మిషనెరీ ఎవరని అడిగినచో మన సండేస్కూలు పిల్లలు సైతము డే దొరగారని చెప్పుదురు. ఆయన ఏ ఊరివారు, ఆయన భార్యాబిడ్డలు ఏమైరి అని అడిగినచో పెద్దలు కూడ తడుముకొందురు. మేమును వేదాంత కళాశాలలో సంవత్సరములు వల్లించితిమే గాని ఆ మాట ఎన్నడును అడుగలేదు.

శామ్యూల్ ఎస్. డే గారు పుట్టుకచేత అమెరికా సంయుక్త రాష్ట్రముల వారు కారు. 1808లో కెనడాలోని లీడ్స్ ప్రాంతమున జన్మించిరి. సరిహద్దు దాటి న్యూయార్క్ రాష్ట్రములోని హామిల్టన్‌లో చదువుకొని, అమెరికన్ సంఘముల పక్షమున మిషనెరీ అయిరి. కనుక 1874లో కాకినాడలో పని ప్రారంభించిన కెనడా మిషనువారు ఆయనను తమవానిగా చెప్పుకొనుటలో తప్పేమియు లేదు.

ఆయన భార్య రోయెన్నా దొరసానిగారు. తెలుగువారి సంగతి అమెరికా సంఘములకు చేరుటకును ఒక స్త్రీయే కారణము. కోల్మన్ అను అమెరికన్ మిషనెరీ మరణించిన పిమ్మట ఆయన భార్య, ఒరిస్సాలో పనిచేయుచున్న ఆంగ్లేయ మిషనెరీ సట్టన్ గారిని వివాహమాడెను. తన దేశస్థులకు తెలుగువారిని గూర్చి తెలుపుమని భర్తను ప్రోత్సహించినది ఆమెయే. మన చరిత్రలలో ఆమెకు ఒక్క పంక్తియైనను దొరకుట అరుదు.

1835 సెప్టెంబరులో డే దంపతులు సట్టన్ గారితో కూడ బోస్టన్‌లో ఓడ ఎక్కిరి. 1836 ఫిబ్రవరికి కలకత్తా చేరిరి. తెలుగు పనికి నియమింపబడిన అబ్బట్ గారు బర్మాకు వెళ్లవలసి వచ్చెను గనుక, తెలుగు దేశమునకు ఈ కుటుంబమొక్కటే మిగిలెను. విశాఖపట్టణము, శ్రీకాకుళము, 1837లో మద్రాసు, తుదకు 1840లో నెల్లూరు. నాలుగేండ్లలో నాలుగు ఊళ్లు కాపురము మార్చిన ఆ తల్లి కష్టము సంసారులకు చెప్పనక్కరలేదు. ఆ యేడు సెప్టెంబరు 27న పెన్నానదిలో మొదటి బాప్తిస్మము జరిగెను. 1844లో ఎనిమిదిమందితో సంఘము ఏర్పడెను.

మరుసటి సంవత్సరాంతమున ఆరోగ్యము చెడి దొరగారు స్వదేశమునకు వెళ్లవలసి వచ్చెను. ఫలము లేని మిషనును మూసివేయుదమా అని అక్కడి పెద్దలు తర్కించుచుండిరి. దొరగారు తెలుగువారి పక్షమున వాదించి, 1848 అక్టోబరులో జూయెట్ దంపతులను వెంటబెట్టుకొని మరల ఓడ ఎక్కిరి. ఈసారి రోయెన్నా దొరసానిగారును పిల్లలును ఆయనతో రాలేదు. వారిని అమెరికాలోనే విడిచి వచ్చిరి. అప్పటికి సూయజ్ కాలువ లేదు. 1869లో గాని అది తెరువబడలేదు. ఓడలు ఆఫ్రికా ఖండమును చుట్టి రావలెను. ఆయన నెల్లూరు చేరుసరికి 1849 ఏప్రిల్ వచ్చెను. ఇంటనొక బిడ్డకు జ్వరము వచ్చినను, తండ్రికి ఆ కబురు అందులోపల బిడ్డ లేచి తిరుగుటయో, మట్టికి చేరుటయో జరిగిపోవును. ఇట్లు నాలుగేండ్లు గడచెను. అది సరియేనా అని సంఘ సభ్యుడొకడు మమ్మును అడిగెను. నలుగురు బిడ్డల తండ్రిగా మేము వెంటనే ఔనని చెప్పలేకపోతిమి. రోయెన్నా దొరసానిగారు మాత్రము ఆ యేండ్లన్నియు ఇంటిని నిలుపుకొనిరి.

1853లో వ్యాధి మరల ముదిరి దొరగారు నెల్లూరు విడిచిరి. తిరిగి రాలేదు. జూయెట్ గారు నిలిచిరి. 1865లో క్లౌ దొరగారు వచ్చిరి. 1867 జనవరి 1న ఒంగోలు సంఘము ఏర్పడెను. డే గారు 1871లో న్యూయార్క్ రాష్ట్రములోని హోమర్‌లో కన్నుమూసిరి. మరుసటి యేడు మన సముద్రతీరమున రామాయపట్టణములో వేదాంత పాఠశాల వెలసెను. 1878 జులై 3న వెలంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క దినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఇవేవియు ఆయన చూడలేదు.

జూయెట్ గారు మద్రాసులో మిషను తెరచిన పిమ్మట, అక్కడ పనిచేయ వచ్చిన స్త్రీ మిషనెరీలలో డే గారి కుమార్తె ఒకరు. తెలుగువారి నడుమ నివసింపవలెనని తండ్రి 1840లో విడిచి వచ్చిన పట్టణమది.