సంఘం షాట్‌కు పాతికేళ్ళు

పస్తాపూర్ అక్కలకు సీతంపేట కొండల నుంచి దండాలు.

2001లో మీరు కమ్యూనిటీ మీడియా ట్రస్టు పెట్టుకున్నారు. ఈ ఏటితో దానికి పాతికేళ్ళు. సినిమా హీరో పుట్టినరోజంటే పత్రికలు ప్రత్యేక సంచికలే వేస్తాయి. కలుపు తీసే చేతులతో కెమెరా పట్టి, వందకు పైగా డాక్యుమెంటరీలు తీసిన ఆడవాళ్ళ రజతోత్సవానికి మా మన్యం నుంచి ఒక వ్యాసమైనా వెళ్ళకపోతే ఏం బాగుంటుంది? అందుకే ఈ నాలుగు మాటలు.

మీ గురించి తెలియని పాఠకులకు ముందు ఊరూ పేరూ చెప్పాలి. సంగారెడ్డి జిల్లాలో జహీరాబాద్ పక్కన ఉంటుంది పస్తాపూర్. డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ, అందరి నోటా డీడీఎస్, 1983 నుంచి అక్కడ పనిచేస్తోంది. చుట్టుపక్కల పల్లెల్లోని పేద స్త్రీలు, అందులోనూ ఎక్కువగా దళితులు, సంఘాలుగా కూడి బీడు పడ్డ భూముల్ని సాగులోకి తెచ్చారు. జొన్న, కొర్ర, సామ, తైదలు, కంది, పెసర ఒకే చేలో కలిపి వేస్తారు. నీరు పెట్టకుండా చలికాలపు మంచుకే పండే పంటలను సత్యం పంటలంటారు. ఐక్యరాజ్య సమితి అభివృద్ధి కార్యక్రమం ఇచ్చే ఈక్వేటర్ బహుమతి 2019లో ఈ సంఘాలకు దక్కింది. మసనగారి నర్సమ్మ మొదలుకొని ఈ ఫిల్మ్‌మేకర్లంతా ఆ సంఘాల్లోంచి వచ్చినవాళ్ళే. ఏ చానెల్‌కూ జీతగాళ్ళు కారు. ఏ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ పట్టా లేదు. కొందరైతే బడి గడపే తొక్కలేదు.

ఎక్కడి పస్తాపూర్, ఎక్కడి సీతంపేట అని అడిగేవాళ్ళు ఉంటారు. వాళ్ళది దక్కను పీఠభూమి, మాది తూర్పు కనుమలు. వాళ్ళ తైదలను మేం చోడి అంటాం. కానీ కొర్ర, సామ, కంది అక్కడా ఇక్కడా ఒకటే. వానను నమ్ముకున్న సాగు ఒకటే. కెమెరాతో పడే ఇబ్బందీ ఒకటే. మా ఊళ్ళకు కెమెరాలు రాక కాదు. ఆడలి వ్యూపాయింట్ మీద మబ్బులు దిగితే వస్తాయి. కందికొత్తల పండక్కి సవరలు, జాతాపులు ఆడిపాడితే వస్తాయి. నిండు చూలాలిని డోలీలో మోసుకుంటూ కొండ దింపితే పరిగెత్తుకుంటూ వస్తాయి. తీసుకుంటాయి, వెళ్ళిపోతాయి. అందులో ఏది ఉంచారో, ఏది తీసేశారో టీవీలో వచ్చేదాకా మాకు తెలియదు. ఒక్కోసారి వచ్చాక కూడా తెలియదు. అందుకే మీ పాతికేళ్ళను మేం పక్క రాష్ట్రపు ముచ్చటగా కాక, మా ఇంటి పనిగా చూస్తున్నాం.

ఈ కథకు వెనక మరో కథ ఉంది. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జులై 31 దాకా మన దేశంలో సైట్ అనే ఉపగ్రహ టీవీ ప్రయోగం నడిచింది. అమెరికా వాళ్ళ ఏటీఎస్-6 ఉపగ్రహం నుంచి ఆరు రాష్ట్రాల్లోని 2,400 పల్లెలకు నేరుగా కార్యక్రమాలు దిగాయి. ఆంధ్రప్రదేశ్ కూడా అందులో ఉంది. ఆ ప్రయోగంలో పనిచేసిన దూరదర్శన్ ప్రొడ్యూసర్లలో పి.వి. సతీష్ ఒకరు. పల్లెవాళ్ళ కోసం కార్యక్రమాలు తీసిన ఆయనే తర్వాత డీడీఎస్ స్థాపకుల్లో ఒకరై, పల్లెవాళ్ళ చేత కార్యక్రమాలు తీయించే దారి పట్టారు. కోసం అన్నదానికీ చేత అన్నదానికీ మధ్య ఎంత దూరముందో ఆయన ఉద్యోగ జీవితమే చెబుతుంది. 2023 మార్చి 19న సతీష్ వెళ్ళిపోయారు. ఈ పండక్కి ఆయన ఉండి ఉంటే ఎంత సంబరపడేవారో! ఆయన నేర్పిన పని మాత్రం ఆయనతో పోలేదు. గురువుకు అంతకన్నా ఏం కావాలి?

1990ల చివర్లో పస్తాపూర్‌లో వీడియో శిక్షణ మొదలైంది. కెమెరా పాఠం అనగానే ఇంగ్లీషు పేర్ల దండకం మొదలవుతుంది: లో యాంగిల్, టాప్ యాంగిల్, ఐ లెవెల్. అక్కలు ఆ దండకాన్ని వల్లించలేదు. తమ బతుకులో ఎవరు ఎక్కడ నిలబడి ఎవరిని చూశారో గుర్తు చేసుకున్నారు. పైనుంచి కిందికి చూసే షాట్ పటేల్ షాట్ అయింది, ఎందుకంటే దొర అరుగు మీద కూర్చుని కింద ఉన్నవాళ్ళను అట్లాగే చూస్తాడు. కిందినుంచి పైకి చూసేది బానిస షాట్. ఎదుటి మనిషి కంటికి కన్ను సమంగా పెట్టి తీసేది సంఘం షాట్, ఎందుకంటే సంఘంలో అందరూ చాప మీద ఒకే ఎత్తున కూర్చుంటారు.

ఈ పాఠం ఎంత గట్టిదో ఒక్కసారి ఊహించి చూడండి. ఒక ముసలమ్మ గుడిసె ముందు నేల మీద కూర్చుని విత్తనాలు బాగుచేస్తోంది. బయటి నుంచి వచ్చిన కెమెరామన్ నిలబడే తీస్తాడు. అతని తప్పేం లేదు, నడుం వంచే అలవాటు లేదు అంతే. తెరమీద ఆమె నడినెత్తి, చాట, వంగిన వీపు కనబడతాయి. అయ్యో పాపం అనిపిస్తుంది. సంఘం షాట్ నేర్చిన అక్క అక్కడే కింద కూర్చుంటుంది. కెమెరాను ఒళ్ళో పెట్టుకుని లెన్స్‌ను ఆమె కళ్ళ ఎత్తుకు తెస్తుంది. ఇప్పుడు తెరమీద ఉన్నది పాపం కాదు, పని తెలిసిన రైతు. వెలుతురు మారలేదు, చాట మారలేదు. మూడడుగుల ఎత్తు తగ్గింది, మనిషి పెరిగింది. మీ పాతికేళ్ళ ఫిల్మోగ్రఫీ అంతా ఈ మూడడుగుల్లోనే ఉందంటే అతిశయోక్తి కాదు.

తీయడం ఒక ఎత్తు, ఎడిటింగ్ ఇంకో ఎత్తు. టేపుల కాలంలో ఎడిటింగంటే ఓపికకు పరీక్ష. ఒక టేపు మీది ముక్కను ఇంకో టేపు మీదికి వరసగా ఎక్కించుకుంటూ పోవాలి. మధ్యలో ఒక ముక్క తప్పు పడిందంటే అక్కడి నుంచి మళ్ళీ మొదలు. అక్షరం రానివాళ్ళు ఈ పని ఎట్లా చేశారని చదువుకున్నవాళ్ళు నోళ్ళు వెళ్ళబెడతారు. కానీ మంచి విత్తనం కోసం కోతకు ముందే చేనంతా తిరిగి, ఏ కంకి ఉంచాలో ఏది వదలాలో కంటితో తేల్చేది ఆడవాళ్ళే కదా! ఎడిటర్ చేసేది కూడా అదే ఏరివేత. గంటల కొద్దీ ఫుటేజీలో ఏ మాట ఎక్కడుందో కాగితం మీద రాసుకోకుండా మనసులో పెట్టుకోవడం, పాటలూ విత్తనాల లెక్కలూ నోటికి ఉంచుకున్నవాళ్ళకు కొత్తేమీ కాదు.

నిర్మాతగా మీరు చేసిన సాహసానికి వరంగల్ పత్తి సినిమాలే సాక్ష్యం. 2002లో మన దేశంలో జన్యుమార్పిడి చేసిన బీటీ పత్తికి అనుమతి వచ్చింది. ఆ తొలి సీజనులోనే మీరు వరంగల్ జిల్లాకు వెళ్ళారు. విత్తిన నాటి నుంచి పత్తి ఏరే దాకా అవే చేలకు, అదే రైతుల దగ్గరికి మళ్ళీ మళ్ళీ వెళ్ళారు. మొదట్లో ఆశగా మాట్లాడిన రైతు పంట చివర ఏమన్నాడో అదే చేలో నిలబెట్టి చూపించారు. 2003లో వచ్చిన ఆ సినిమా తర్వాత, 2005లో మూడేళ్ళ అనుభవాన్ని కూర్చి ఇంకొకటి తీశారు. ఆ ఏడాదే మహికో బీటీ రకాలు మూడింటికి ఆంధ్రప్రదేశ్‌లో అనుమతి పొడిగించడానికి కేంద్ర ప్రభుత్వపు జన్యు ఇంజనీరింగ్ ఆమోద కమిటీ ఒప్పుకోలేదు. అంతా మీ సినిమా వల్లే జరిగిందని పొగిడితే అది భట్రాజు పొగడ్త అవుతుంది. ఆ తర్వాత కొత్త రకాలు రానే వచ్చాయి, పత్తి చేలన్నీ బీటీతో నిండనే నిండాయి. వాదన ఇంకా తెగలేదు. కానీ ఆ తొలి ఏళ్ళలో చిన్నరైతు ఏమనుకున్నాడో రేపు ఎవరైనా తెలుసుకోవాలంటే, కంపెనీ కరపత్రమూ ప్రభుత్వ నివేదికా కాక మూడో సాక్ష్యం ఒకటి ఉంది. అది మీ టేపుల్లో ఉంది.

అక్కడితో ఆగారా? ఇదే పత్తి కథ కోసం దక్షిణాఫ్రికా, మాలి, ఇండోనేషియా, థాయిలాండ్ రైతుల దగ్గరికీ కెమెరా తీసుకెళ్ళి 2007లో మరో సినిమా తెచ్చారు. జహీరాబాద్ బస్టాండు దాటడమే గొప్పనుకునే చోట పుట్టి, ఆఫ్రికా చేలగట్ల మీద అక్కడి ఆడవాళ్ళతో సమంగా కూర్చుని సంఘం షాట్ తీశారు. భాష రాకపోయినా పత్తికాయ పగిలిందా ఎండిందా అన్నది రైతుకు రైతు చెప్పనక్కర్లేదు.

రేడియో సంగతీ చెప్పుకోవాలి. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లో తీర్పిచ్చింది. ఆ ధైర్యంతో మాచ్‌నూర్‌లో రేడియో స్టేషను కట్టుకున్నారు. కట్టడం అయింది కానీ ప్రసారానికి లైసెన్సు లేదు. ఏళ్ళ తరబడి కార్యక్రమాలు రికార్డు చేసి, క్యాసెట్లు సంఘాల మీటింగుల్లో వినిపించారు. 2006లో విధానం మారాక 2008 అక్టోబరు 15న, గ్రామీణ మహిళా దినోత్సవం నాడు, సంఘం రేడియో గాల్లోకి ఎక్కింది. అంతకాలం ఎదురుచూసినా చేతిలో పని మానలేదు. కెరీర్ అనే మాటకు అంతకన్నా మంచి నిర్వచనం మాకు తెలియదు.

ఈ దారిలో మీకు ముందూ వెనకా నడిచినవాళ్ళు ఉన్నారు. 1967లో కెనడా ఫోగో ద్వీపపు జాలరుల చేత వాళ్ళ కష్టాలు వాళ్ళకే చెప్పించి, ఆ సినిమాలు ఊళ్ళోనే చూపించి చర్చ నడిపారు. 1984లో అహ్మదాబాద్‌లో సేవా అనే మహిళా సంఘపు ఆడవాళ్ళు, కూరగాయలమ్ముకునే వాళ్ళతో సహా, వీడియో పట్టారు. 2002లో ఉత్తరప్రదేశ్‌లో మొదలైన ఖబర్ లహరియా అనే వార్తాసంస్థను నడిపే గ్రామీణ స్త్రీల మీద తీసిన డాక్యుమెంటరీ ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్ళింది. ఆ వరసలో మన తెలుగువాళ్ళ పేరు ఏదని ఎవరైనా అడిగితే మేం తడుముకోం, పస్తాపూర్ అంటాం.

ఇప్పుడు ప్రతి చేతిలోనూ ఫోనుంది, ప్రతి ఫోనులోనూ కెమెరా ఉంది, ఇంక మీ పనేముందని అనేవాళ్ళు తప్పకుండా ఉంటారు. మా పిల్లలూ జలపాతాల దగ్గర రీల్స్ చేస్తూనే ఉన్నారు, ఎడిటింగ్ యాప్‌లు వాళ్ళకు కొట్టిన పిండి. కానీ అర నిమిషం రీల్ తీయడం వేరు, ఒకే చేను వెంట పంటకాలమంతా తిరగడం వేరు. ఎదుటి మనిషి మాట పూర్తయ్యేదాకా ఆగడం, ఇష్టం లేని నిజం వచ్చినా కత్తిరించకుండా ఉంచడం ఏ యాప్ నేర్పదు. ఆ విద్య మీ దగ్గరుంది. అందుకే అభినందనతో పాటు మాదొక అర్జీ కూడా.

మా సవర ఇళ్ళ గోడల మీద ఎడిసింగ్ బొమ్మలుంటాయి. ఎర్రమట్టి అలికిన గోడ, బియ్యప్పిండి నీళ్ళు, ఒక పుల్ల. చేతులు పట్టుకుని వరసగా ఆడే మనుషులు, డప్పులు, జంతువులు, సూర్యుడు, చంద్రుడు. 1940ల్లో మానవ శాస్త్రవేత్త వెరియర్ ఎల్విన్ ఒడిశా వైపు సవర పల్లెల్లో తిరిగి చూస్తే, ఆ గోడల మీద సైకిళ్ళు, రైళ్ళు, విమానాలు కూడా ఉన్నాయి. చూసిన కొత్త వస్తువును గోడకెక్కించిన వాళ్ళకు తెర ఎంతసేపు? వరసగా గీసిన ఆ నాట్యగాళ్ళను ఒక్కొక్కరిగా కదిలిస్తే చాలు, అది యానిమేషనే. విజయ ములే 1974లో తీసిన ఏక్ అనేక్ ఔర్ ఏకతా అనే చిన్న బొమ్మల సినిమా ఇన్నేళ్ళకూ దేశమంతటికీ గుర్తుంది కదా! గిడుగు రామమూర్తి పంతులు గారు 1938లో సవరలకు నిఘంటువు ఇచ్చారు. బయటివాడు మనసు పెడితే ఎంత చేయగలడో ఆయన చేసి చూపించారు. ఇక లోపలివాళ్ళు చేయాల్సింది ఉంది. సవర భాషలో, సవర బొమ్మలతో, సవర పిల్లలే కత్తిరించి అతికిన సినిమా రావాలి. ఆ పనికి గురువులు హైదరాబాద్ స్టూడియోల్లో కన్నా పస్తాపూర్‌లోనే దొరుకుతారని మా నమ్మకం.

అక్కలారా, రజతోత్సవం ఘనంగా చేసుకోండి. మీ పాత పంటల జాతర బళ్ళు విత్తనాలతో ఊరూరా తిరిగి ఇల్లు చేరాక, ఒకసారి ఇటు రండి. సోమవారం అయితే మరీ మంచిది. సీతంపేట సంతకు పసుపు, చింతపండు, అనాస, కొండచీపుర్లు తట్టల్లో పెట్టుకుని కొండ మీది ఆడవాళ్ళంతా దిగుతారు. అందులో పది మందిని మీరే ఏరుకోండి. తిండికి చోడి అంబలి, కందిపప్పు మావి. గదీ కరెంటూ మేం చూసుకుంటాం. కెమెరా ఎంత ఎత్తున పట్టాలో మాత్రం మీరే నేర్పాలి. పాతికేళ్ళ పండగ శుభాకాంక్షలు!