శ్రీ యల్లాప్రగడ సుబ్బారావుగారు

నాచారమునకు సమీపమున తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థయు, ఉప్పలు పోవు మార్గమున హబ్సిగూడలో సీ.సీ.ఎం.బీ. పరిశోధనాలయమును మనవారి కన్నులకు నిత్యము కానవచ్చుచునే యున్నవి. వానిని చూచినపుడెల్ల మాకు సుబ్బారావుగారు స్మరణకు వత్తురు. వారి జయంతులలో ఔషధముల పట్టిక చదువుట యాచారమైనది. మేము మాత్రము రోగనిర్ణయమునకు వారొనర్చిన యుపకారమునే యిచట విన్నవింతుము.

వీరు 1895 జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించిరి. మెట్రిక్యులేషను మూడవ పర్యాయమునగాని చేకూరలేదు. చెన్నపురి వైద్యకళాశాలలో ఖద్దరు ధరించినందున ఆచార్యుని యాగ్రహమునకు గురియై, ఎం.బి.బి.ఎస్.కు మారుగా ఎల్.ఎం.ఎస్. పట్టముతోనే తృప్తిపడవలసి వచ్చెను. సోదరు లిరువురు స్వల్పకాలములో గతించిరి. నాలుక పూసి, విరేచనములు కట్టక, రక్తము క్షీణించి మనుష్యుడు శుష్కించు స్ప్రూ యను గ్రహణి ఆ కుటుంబమును పీడించెను. సుబ్బారావుగారును దాని వాతబడి, ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సచే కోలుకొనిరి.

1922లో బోస్టను చేరిరి. 1925లో ఫిస్కేగారితో కలిసి రక్తమూత్రములలోని భాస్వరమును రంగునుబట్టి కొలుచు పద్ధతిని ప్రకటించిరి. ఎముకల మెత్తదనము, మూత్రపిండముల వైకల్యము మున్నగువానిని గుర్తించుటకు భాస్వరపు లెక్క వైద్యునకు ఆధారము.

ఇక పాండురోగపు మాట. ఎఱ్ఱకణములు పరిమాణమున పెద్దవై సంఖ్యలో తగ్గు పాండురోగము పెక్కువిధములుగా వచ్చును. సూక్ష్మదర్శినిలో మాత్రము అన్నియు నొకటివలెనే తోచును. 1926లో మైనటు, మర్ఫీలు కాలేయాహారముతో పెర్నీషియసు అనీమియాను కుదుర్చిరి. 1931లో లూసీ విల్స్ యను వైద్యురాలు బొంబాయి గర్భిణుల పాండువు శుద్ధిచేసిన కాలేయసారమునకు లొంగక, ఈస్టుసారమునకు లొంగునని చూపెను. పేరొకటే, రోగములు రెండని అప్పుడే యనుమానము పొడమెను. 1940లో లెడర్లీ పరిశోధనాలయము చేరిన సుబ్బారావుగారి నాయకత్వమున ఫోలికామ్లము 1945లో కృత్రిమముగా తయారయ్యెను. స్ప్రూ రోగుల రక్తము దానితో వేగముగా మెఱుగుపడెను. పెర్నీషియసు రోగుల రక్తమును మెఱుగుపడెను గాని, వారి నరముల క్షయము మాత్రము ఆగలేదు, కొందఱిలో హెచ్చెను. రక్తమునుమాత్రమే చూచి సంతసించిన వైద్యుడు రోగి కాళ్లు పడిపోవుట చూడవలసివచ్చెను! ఈ భేదమువలననే రెండు రోగముల సరిహద్దు స్పష్టపడెను. 1948లో బి-12 విటమిను వేఱుపడగా రెండవదాని మూలమును తెలిసెను.

నేడు రక్తపరీక్షలో కణపరిమాణము 100 ఫెమ్టోలీటర్లు మించినచో, ఫోలేటును బి-12ను విడివిడిగా కొలిపించుట వైద్యుల యలవాటు. బి-12 సంగతి తేలకుండ ఫోలికామ్లపు బిళ్లలు మాత్రమే మ్రింగుట మనయిండ్లలో నిప్పటికిని కలదు. వృద్ధులున్నవారు దీనిని గమనింతురుగాక.

సుబ్బారావుగారు స్వదేశమునకు మరల రాలేదు. 1948 ఆగష్టులో న్యూయార్కున, 53వ యేట, నిద్రలోనే దివంగతులైరి.