డిస్క్ బ్రేకును యాభై ఏళ్ళు ముందే ఊహించిన లాంచెస్టర్

ఖరగ్‌పూర్ స్టేషన్‌లో ఆగిన ఎల్‌హెచ్‌బీ రైలు పెట్టె కిందికి వంగి చూస్తే ఒక్కో ఇరుసు మీద రెండేసి లోహపు బిళ్ళలు కనిపిస్తాయి. డ్రైవరు బ్రేకు వేసినప్పుడు ప్యాడ్లు రెండు వైపుల నుంచీ ఆ బిళ్ళలను పట్టుకుంటాయి. పాత ఐసీఎఫ్ పెట్టెల్లో అయితే బ్రేకు బ్లాకులు నేరుగా చక్రం అంచునే ఒరుసుకునేవి. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుంచీ ఈ ఊరి వర్క్‌షాపును నమ్ముకుని బతికిన తెలుగు కుటుంబాల్లో ఈ తేడా తెలియనివారు తక్కువ. పాత అంబాసిడర్‌కు డ్రమ్ములు తీయించి డిస్కులు పెట్టించుకోవాలని చూసేవారు కోరుకునేదీ దాదాపు ఇలాంటి మార్పే. కారు చక్రానికి ఈ బిళ్ళను తగిలించే ఆలోచనకు 1902లోనే పేటెంటు తీసుకున్న ఇంజనీరు ఫ్రెడరిక్ లాంచెస్టర్. అది ఊరూరా కార్లలోకి రావడం మాత్రం ఆయన చూడలేదు.

లాంచెస్టర్ 1868 అక్టోబరు 23న లండన్‌లోని లూయిషమ్‌లో పుట్టారు. తండ్రి ఆర్కిటెక్టు. ఫ్రెడరిక్ సౌతాంప్టన్‌లోనూ, తర్వాత లండన్‌లోని కెన్సింగ్టన్‌లోనూ చదివారు కానీ డిగ్రీ పుచ్చుకోలేదు. ఇరవై ఏళ్ళ వయసులో బర్మింగ్‌హామ్ చేరి, గ్యాస్ ఇంజన్లు తయారుచేసే ఫార్వర్డ్ కంపెనీలో ఉద్యోగంలో కుదిరారు. తమ్ముళ్ళు కూడా తోడు రాగా 1895లో కారు తయారీ మొదలుపెట్టి, మరుసటి ఏడాది రోడ్డెక్కించారు. ఆ రోజుల్లో చాలామంది గుర్రపు బండికి ఇంజను తగిలించి అదే కారు అనుకునేవారు. లాంచెస్టర్ అలా కాకుండా ఇంజను, గేర్లు, చట్రం, స్ప్రింగులు అన్నింటినీ కారు కోసమే కొత్తగా గీసుకున్నారు. 1899 చివర్లో లాంచెస్టర్ ఇంజన్ కంపెనీ ఏర్పడింది.

డిస్క్ బ్రేకు పేటెంటు ఈ దశలోనే వచ్చింది. చక్రంతోపాటు తిరిగే పలుచని లోహపు బిళ్ళ, దాన్ని అంచు దగ్గర రెండు వైపులా నొక్కే పట్టు: ఆయన ఆలోచన ఇంతే. నేటి డిస్క్ బ్రేకు సూత్రం కూడా ఇదే. కాకపోతే నొక్కే ప్యాడ్లకు ఆనాడు తగిన పదార్థం దొరకలేదు. రాగి వాడారు. దుమ్ము రోడ్ల మీద రాగి త్వరగా అరిగిపోయేది, బ్రేకు వేసినప్పుడల్లా చెవులు చిల్లులు పడేలా కీచుమనేది. బిళ్ళను గట్టిగా నొక్కేందుకు హైడ్రాలిక్ ఒత్తిడి కూడా అప్పటికి కార్లలోకి రాలేదు. అదే 1902లో ఫ్రాన్స్‌లో లూయీ రెనో డ్రమ్ బ్రేకును రూపొందించారు. తర్వాతి అర్ధ శతాబ్దం డ్రమ్ముదే రాజ్యం.

అందుకు కారణం లేకపోలేదు. డ్రమ్ములో ముందు షూను చక్రం తిరుగుడే లోపలికి లాక్కుంటుంది. కాలితో కొంచెం తొక్కితే చాలు, పట్టు పెరుగుతుంది. డిస్కుకు ఆ సాయం లేదు. అయితే డ్రమ్ములో వేడి లోపలే చిక్కుకుంటుంది. వేడెక్కిన డ్రమ్ము వ్యాకోచించి షూలకు దూరంగా జరుగుతుంది, పెడల్ కిందికి దిగిపోతుంది. పొడవైన ఘాట్ దిగుతున్నప్పుడు పాత కార్లను భయపెట్టేది ఇదే. డిస్కు గాలికి తెరుచుకుని ఉంటుంది కనుక త్వరగా చల్లబడుతుంది, నీళ్ళనూ విసిరేస్తుంది.

లాంచెస్టర్ బుర్ర బ్రేకు దగ్గర ఆగలేదు. రెక్క విమానాన్ని ఎలా పైకి లేపుతుందో 1894లోనే వివరించడానికి ప్రయత్నించారు. 1897లో ఆ వ్యాసాన్ని లండన్ ఫిజికల్ సొసైటీ తిప్పి పంపింది. 1907, 1908లలో రెండు సంపుటాలుగా ఆయన వెలువరించిన గ్రంథానికి ఆలస్యంగా గుర్తింపు దక్కింది. జర్మనీలో ప్రాంట్ల్ గణితంతో నిలబెట్టిన సిద్ధాంతాన్ని నేడు ఇద్దరి పేర్లతోనూ చెప్పుకుంటారు. యుద్ధంలో సేనల సంఖ్యకూ బలానికీ ఉన్న సంబంధాన్ని లెక్కగట్టిన సూత్రాలూ ఆయనవే. 1922లో రాయల్ సొసైటీ ఫెలో అయ్యారు.

డబ్బు మాత్రం నిలవలేదు. 1904లోనే కంపెనీ రిసీవర్ చేతుల్లోకి వెళ్ళింది. తర్వాత కొన్నేళ్ళకు ఆయన సంస్థ నుంచి తప్పుకుని, డైమ్లర్ వంటి కంపెనీలకు సలహాదారుగా గడిపారు. 1931లో లాంచెస్టర్ పేరుతో ఉన్న కంపెనీ బీఎస్ఏ చేతికి పోయింది. చివరి సంవత్సరాల్లో పార్కిన్సన్స్ వ్యాధి, చూపు మందగించడం, వాటికి తోడు పేదరికం. మోటారు తయారీదారుల సంఘం ఆదుకోవాల్సి వచ్చింది. 1946 మార్చి 8న బర్మింగ్‌హామ్‌లో కన్నుమూశారు.

ఏడేళ్ళ తర్వాత, 1953లో డన్‌లప్ డిస్కులు బిగించిన జాగ్వార్ సీ-టైప్ లె మాన్స్ 24 గంటల పందెం గెలిచింది. గంటల తరబడి అతివేగం నుంచి మలుపుల్లోకి తగ్గినా ఆ బ్రేకుల పట్టు సడలలేదు. 1955లో సిట్రోయెన్ డీఎస్ ముందు చక్రాలకు డిస్కులతో వచ్చింది. అప్పటికి మన్నికైన ప్యాడ్లు, హైడ్రాలిక్ ఒత్తిడి రెండూ సిద్ధంగా ఉన్నాయి. లాంచెస్టర్ బిళ్ళకు 1902లో లోటయింది ఆ రెండే.

పాత కారుకు డిస్కు పెట్టించేవారు ఈ జీవితం నుంచి నేర్చుకోవాల్సింది ఇక్కడే ఉంది. బిళ్ళ, క్యాలిపర్ బిగించినంత మాత్రాన పని పూర్తికాదు. తనంత తానుగా పట్టు పెంచుకునే గుణం డిస్కుకు లేదు కనుక సాధారణంగా బూస్టర్ కావాలి. డ్రమ్ముల కోసం చేసిన మాస్టర్ సిలిండర్ గొట్టాల్లో కొద్దిపాటి ఒత్తిడి నిలిపి ఉంచవచ్చు. దాన్నే ఉంచేస్తే ప్యాడ్లు బిళ్ళను వదలక వేడెక్కుతాయి. ముందు, వెనక బ్రేకుల మధ్య సమతూకం చూడకపోతే వెనక చక్రాలు ముందే బిగుసుకుని కారు పక్కకు తిరగవచ్చు. క్యాలిపర్‌కు రిమ్ములో చోటుందో లేదో ముందే కొలుచుకోవాలి. పాత డ్రమ్ము విప్పేటప్పుడు లోపలి దుమ్మును ఊదకూడదు, అందులో ఆస్బెస్టాస్ ఉండవచ్చు. వీటిలో ఏది వదిలేసినా, కొత్త డిస్కులు ఉన్న కారు పాత డ్రమ్ముల కారు కన్నా ప్రమాదకరం అవుతుంది.