ఆంధ్రరత్న గోపాలకృష్ణయ్య

గుంటూరు సీమలోని నల్లరేగడి ప్రత్తిచేలు సముద్రం వైపు సాగి ఇసుక నేలలలో కలిసే చోట చీరాల ఉంది. నేతపనికి పేరెన్నికగన్న ఊరు. ఒకప్పుడు గుంటూరు జిల్లాలోను, 1970 నుండి 2022 వరకు ప్రకాశం జిల్లాలోను ఉండి, ఇప్పుడు బాపట్ల జిల్లాలో చేరిన ఈ ఊరి ప్రజలు 1921 వేసవిలో సొంత ఇళ్ళను విడిచి, పిల్లాపాపలతో పొలిమేర దాటి వెళ్ళిపోయారు. కరువు వచ్చి కాదు, వరద వచ్చి కాదు. తమను అడగకుండా తమ నెత్తిన పెట్టిన ఏలుబడిని అంగీకరించలేక వెళ్ళారు. వారిని నడిపించిన దుగ్గిరాల గోపాలకృష్ణయ్యకు అప్పటికి ముప్పది రెండేళ్ళు నిండలేదు.

ఆయన 1889 జూన్ 2వ తేదీన కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలులో జన్మించారు. పుట్టిన మూడవ నాడే తల్లి సీతమ్మ కన్నుమూసింది. మూడేళ్ళు నిండేసరికి తండ్రి కోదండరామస్వామి కూడ గతించారు. ఆత్మీయుల పెంపకంలో పెరిగి, గుంటూరు ప్రాంతంలో చదువుకొని, మిత్రుడు నడింపల్లి నరసింహారావుతో కలిసి స్కాట్లండు వెళ్ళి ఎడింబరో విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. పట్టం పొందారు. ఆనంద కుమారస్వామితో కలిసి నందికేశ్వరుని అభినయ దర్పణాన్ని ఆంగ్లంలోకి అనువదించారు. ఆ గ్రంథాన్ని 1917లో హార్వర్డు విశ్వవిద్యాలయం ప్రచురించింది. స్వదేశానికి వచ్చి రాజమహేంద్రవరంలోను, బందరు ఆంధ్ర జాతీయ కళాశాలలోను కొంతకాలం బోధించారు. ఎక్కడా ఎక్కువకాలం నిలువలేదు. ఒకరి అదుపులో ఒదిగి ఉండే స్వభావం ఆయనది కాదు. చివరకు చీరాలలో స్థిరపడి, సేవాతత్పరులైన యువకులతో రామదండు అనే దళాన్ని ఏర్పరచారు. 1921లో బెజవాడలో అఖిల భారత కాంగ్రెసు సంఘం సమావేశమైనప్పుడు వేలాది జనాన్ని తీర్చిదిద్ది నిలిపినది ఈ రామదండే.

చీరాల కథకు మూలం 1919లో ఉంది. చీరాల, పేరాల గ్రామాలను కలిపి పురపాలక సంఘంగా మార్చాలని మద్రాసు ప్రభుత్వం నిర్ణయించింది. రెండు ఊళ్ళ జనాభా సుమారు 15,000. అంతవరకు ఏటా 4,000 రూపాయలుగా ఉన్న పన్నుల భారం ఈ మార్పుతో 40,000 రూపాయల వరకు పెరిగే స్థితి వచ్చింది. మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకొని పొద్దంతా నేసినా పూట గడవడం కష్టమైన సాలెలకు ఇది పిడుగుపాటు. ప్రజలు అర్జీలు పెట్టుకున్నారు. స్థానిక స్వపరిపాలన శాఖను చూస్తున్న మంత్రి పానుగంటి రామరాయణింగారు వారి మొర మన్నించలేదు. స్వపరిపాలన పేరుగల శాఖ స్థానికుల మాటను పెడచెవిని పెట్టడం గమనింపదగిన విషయం. కౌన్సిలర్లు రాజీనామా చేయగా, ప్రభుత్వం తానే నియమించిన అధ్యక్షునితో పాలన సాగించింది. పన్ను కట్టమన్న వారిపై కేసులు పెట్టి కొందరిని చెరసాలకు పంపింది. అలా వెళ్ళినవారిలో ఒక స్త్రీ కూడ ఉన్నది.

ఒక చిన్న ఊరి పురపాలక సంఘానికి ఇంత పట్టుదల ఎందుకని విద్యార్థులకు అనిపించవచ్చు. ఆ సంవత్సరాలలోనే ఇటలీలో జరిగినది చూస్తే సమాధానం దొరుకుతుంది. అక్కడ ముస్సోలినీ అనుచరులైన నల్లచొక్కాల దళాలు 1920 చివరి నుండి ఊరూరా తిరిగి, ప్రత్యర్థులు గెలిచిన పురపాలక సంఘాల మీద, రైతుకూలీల సంఘాల మీద దాడులు చేశాయి. పోలీసులు చాలాచోట్ల చూచీ చూడనట్లు ఊరకున్నారు. కలతలకు భయపడిన ధనికులు, అధికారులు ఆ దళాలే శాంతిని నెలకొల్పుతాయని నమ్మారు. 1922 అక్టోబరులో రాజే ముస్సోలినీని పిలిచి ప్రధానిని చేశాడు. 1926లో ఎన్నికైన పురపాలక సంఘాలు రద్దయ్యాయి. ప్రతి ఊరికీ ప్రభుత్వం నియమించిన ఒక అధికారి వచ్చాడు. ఇతర పార్టీలు, స్వేచ్ఛగా వ్రాసే పత్రికలు లేకుండా పోయాయి. 1931లో విశ్వవిద్యాలయాల ఆచార్యులందరూ ఫాసిస్టు ప్రభుత్వానికి విధేయులమని ప్రమాణం చేయవలసి వచ్చినప్పుడు, వేయి మందికి పైగా ఉన్నవారిలో నిరాకరించినవారు పట్టుమని ఇరవై మంది లేరు. ఉద్యోగం పోతుందన్న భయం, పక్కవాడు చేశాడు గదా అన్న సమాధానం వారిని అణచివుంచడానికి చాలినవి.

ఆంగ్ల ప్రభుత్వం ఫాసిస్టు ప్రభుత్వం కాదు. దాని క్రింద న్యాయస్థానాలు, పత్రికలు ఎంతోకొంత పనిచేసేవి. అయినా పన్ను కాగితం, జరిమానా, నియమిత అధికారి, ఒక్కొక్కరినీ విడదీసి శిక్షించడం అనే సాధనాలు రెంటికీ ఉమ్మడివే. గోపాలకృష్ణయ్య ఈ కిటుకు గ్రహించారు. ఒక్కొక్కరుగా ఉంటే లొంగిపోయే ప్రజలను ఒక్కటిగా నిలపడమే మార్గమని తలచారు.

1921 ఏప్రిల్ 6న గాంధీజీ చీరాల వచ్చారు. శాంతియుతంగా పన్ను నిరాకరించడమో, పురపాలక సంఘం పరిధిని విడిచి వెళ్ళడమో రెండే దారులని ఆయన సూచించారు. రెండవది కష్టతరమైనది, చీరాల దానినే ఎంచుకొన్నది. సుమారు 13,000 మంది ఊరి వెలుపల పాకలు వేసుకొని, ఆ క్రొత్త నివాసానికి రామనగరమని పేరు పెట్టుకున్నారు. మనుషులు లేని ఊరికి పన్ను వేయడం ప్రభుత్వానికి సాధ్యం కాలేదు. రామదండు రామనగరానికి కావలి కాసింది, ప్రజలకు సేవ చేసింది. ఇటలీ నల్లచొక్కాలవలె ఇదీ క్రమశిక్షణ గల దళమే. అయితే దీని చేతిలో దుడ్డుకర్ర లేదు, అది ఎవరి ఇంటి తలుపూ విరగగొట్టలేదు. ఎండలో, వానలో, చలిలో పాకలలో పదకొండు నెలలు గడపడం మాటలలో చెప్పినంత తేలిక కాదు. నేతగాడు మగ్గాన్ని కదిలిస్తే కూడు కదులుతుంది.

ఆ ఏడాదే ఆంధ్ర మహాసభ జరిగిన బరంపురానికి గోపాలకృష్ణయ్య వెళ్ళారు. బహిరంగంగా ప్రసంగించరాదని అక్కడి అధికారి ఉత్తర్వు జారీ చేశాడు. మాటకారితనానికి, హాస్యానికి, ఆశువుగా పద్యం చెప్పడానికి పేరుపొందిన మనిషిని ప్రభుత్వం ఆ మాట దగ్గరనే పట్టుకున్నది. ఆయన ఆజ్ఞను ధిక్కరించి మాట్లాడారు. ఒక సంవత్సరం శిక్షపడి తిరుచినాపల్లి చెరసాలకు వెళ్ళారు. నాయకుడు దూరమైన రామనగరంలో డబ్బు కరిగిపోయింది, ధైర్యమూ సన్నగిల్లింది. 1922 ఫిబ్రవరిలో చౌరీచౌరా ఘటన తరువాత గాంధీజీ సహాయ నిరాకరణోద్యమాన్నే నిలిపివేశారు. గుంటూరు జిల్లాలోనే పెదనందిపాడు రైతుల పన్నుల నిరాకరణ ఉద్యమమూ అప్పుడే ఆగింది. చీరాల ప్రజలు ఒక్కొక్క కుటుంబంగా పాత ఇళ్ళకు తిరిగి వచ్చారు. వారిని పిరికివారని అనడం న్యాయం కాదు. ఆకలి ముందు అంతకాలం నిలబడిన ఊళ్ళు చరిత్రలో ఎక్కువ లేవు. ఉద్యమం మొత్తం ఒక్కరి గొంతు మీద ఆధారపడటమే దాని బలహీనత అయినది.

విడుదలైన తరువాత గోపాలకృష్ణయ్య కాంగ్రెసు పనులలో పాల్గొన్నారు. తోలుబొమ్మలాట, వీధి భాగవతం వంటి జానపద కళలకు ఆదరణ కల్పించాలని తపించారు. చేతిలో ధనం నిలువలేదు; పేదరికం ఇంటిని విడువలేదు. పై నుండి క్షయ వ్యాధి పట్టుకొన్నది. 1928 జూన్ 10న, ముప్పది తొమ్మిదేళ్ళ వయసులో ఆయన కన్నుమూశారు. ఆంధ్రులు ప్రేమతో ఇచ్చిన ఆంధ్రరత్న బిరుదు ఆయన పేరుతో కలిసిపోయింది. విజయవాడలోని కాంగ్రెసు కార్యాలయానికి ఆంధ్రరత్న భవన్ అని పేరు పెట్టారు.