బుర్రకథా పితామహుడు షేక్ నాజరు గారి జీవితము

మన దూదేకుల వారి కులవృత్తి సంచారవృత్తి. దూదేకు వింటిని భుజమున వైచుకొని ఊరూరు తిరిగి, గడప ముందు నిలిచి, పాత పరుపులలోని దూదిని ఏకి యిచ్చి, వారిచ్చిన గింజలు మూటగట్టుకొని మరియొక యూరికి సాగుట మన తాతముత్తాతల జీవనము. ఆ వింటినారి మ్రోతతో పెరిగిన చెవులకు శ్రుతి యనునది క్రొత్త వస్తువు కానేరదు. ఇది కేవలము కులాభిమానముచే నేను చెప్పుమాట యని కొందరు నవ్వవచ్చును. కాని గుంటూరు, ప్రకాశము జిల్లాల దేవాలయములందు తరతరములుగా నాదస్వరము వాయించుచు వచ్చిన విద్వాంసులలో మన వారెందరు గలరో యెరిగినవారు నవ్వరు. అట్టి కులమున బుట్టి, వింటికి బదులు తంబురను భుజమున వైచుకొని ఆంధ్రదేశమంతయు సంచరించిన మహనీయుడు షేక్ నాజరు గారు. ఈ సంచికలో వారి జీవితమును కొంతవరకైన స్మరించుట మన విధి.

నాజరు గారు 1920వ సంవత్సరము ఫిబ్రవరి 5వ తేదీన గుంటూరు జిల్లా పొన్నెకల్లు గ్రామమున జన్మించిరి. తండ్రి మస్తాను గారు, తల్లి బీనాబీ గారు. ఇంట దారిద్ర్యమే గాని పొలము పుట్ర లేదు. బాల్యముననే వారి కంఠమాధుర్యము గ్రామస్థుల నాకర్షించెను. ఆ దినములలో కోస్తా పల్లెలలో పద్యనాటకములకు గల ప్రాబల్యము నేటివారికి వివరించుట కష్టము. వేషమునకు తగిన రూపమును, పద్యమునకు తగిన గొంతును గల బాలుడు దొరికినచో, వానిది ఏ కులము, ఏ మతము అని ఎవ్వరును విచారించెడివారు కారు. నాజరు గారు పసితనముననే నాటకములలో వేషములు వేసిరి. పిమ్మట నరసరావుపేట చేరి మురుగుళ్ల సీతారామయ్య గారియొద్ద సంగీతము నభ్యసించిరి. ఈ శాస్త్రీయ సంగీతపు పునాది ముందుముందు బుర్రకథ కెంత మేలు చేసినదో చదువరులు చూడగలరు.

బుర్రకథ నాజరు గారి సృష్టి కాదు. తందాన కథలనియు, జంగము కథలనియు అది పూర్వమునుండియు గలదు. సంచార కథకులు, పలుమారు భార్యలనే వంతలుగా నిలుపుకొని, ఇంటిముంగిళ్ళయందు చెప్పి, భిక్ష గ్రహించి పోయెడివారు. సొరకాయబుర్ర వంటి గుల్లగల తంబురను బట్టి ఆ పేరు వచ్చినదని పెక్కుమంది తలంపు. పండితులకు ఆ కథలన్న చులకన. బిచ్చగాండ్ర పాటయని చదువుకొన్నవారు తొలగి పోయెడివారు. అట్టిదానిని వేలకొలది జనులు తెల్లవారువరకు కదలక కూర్చుండి వినునట్టి కళగా మార్చినవారిలో నాజరు గారు అగ్రగణ్యులు.

ఆ మార్పునకు కారణమైన కాలమును గూర్చి రెండు మాటలు చెప్పవలెను. 1943లో వంగదేశమున ఘోరమైన కరువు సంభవించి లక్షలకొలది ప్రజలు మడిసిరి. ఆ సంవత్సరముననే బొంబాయిలో అఖిలభారత ప్రజానాట్య సంఘ మేర్పడెను. ఆంధ్రదేశమున దానికి శాఖగా ప్రజానాట్యమండలి నెలకొనెను. డాక్టరు గరికపాటి రాజారావు గారు దానికి ప్రాణము. విజయవాడ దానికి కేంద్రము. 1944లో అఖిలభారత కిసాన్ సభ మహాసభ విజయవాడలో జరిగెను. పత్రికలు చదువలేని రైతులకు, కూలీలకు దేశకాల పరిస్థితులు తెలుపవలె నన్న, వారి కలవాటైన పాటయే శరణ్యమని ఆనాటి కార్యకర్తలు గ్రహించిరి. బుర్రకథకు కావలసినది ముగ్గురు మనుష్యులు, రెండు గుమ్మెటలు, ఒక తంబుర. తెరలు లేవు, సామానుల బండ్లు లేవు. ఇంత స్వల్పవ్యయముతో ఇంత దూరము పోగల కళ మరియొకటి లేదు.

కాకుమాను సుబ్బారావు గారు మున్నగువారితో కూడి నాజరు గారు ఈ రంగమున ప్రవేశించిరి. అనతికాలముననే తామే కథకులై, సొంత దళమును నడపసాగిరి. విజయవాడలో మోటూరి ఉదయం గారు, చింతల కోటేశ్వరమ్మ గారు మొదలగు స్త్రీలు కూడ బుర్రకథ దళముగా నేర్పడి, సభలలో కథ చెప్పుట ఆ కాలపు విశేషమే. కులస్త్రీలు గజ్జె కట్టి వేదిక నెక్కుట యెన్నడు నెరుగని దేశమది.

ఇక దళముయొక్క పనితీరును వర్ణింతును. మధ్య కథకుడు. అతని తలకు తురాయి గల పాగా, మేన నిడుపాటి అంగరఖా, నడుమున దట్టి, కాళ్ళకు గజ్జెలు. కుడిభుజమున తంబుర, చేతి వ్రేళ్ళకు అందెలు. ఆ అందెలు గుల్లగా నుండి, లోపల రవ్వలు గలవి. ఒకదానితో నొకటి తాకించినపుడు తాళము పలుకును. ఇరుప్రక్కల వంతలు. వారి చేతుల గుమ్మెటలు మట్టివో, ఇత్తడివో. ఒక వంత హాస్యము చెప్పును, రెండవ వంత లోకవ్యవహారమును చెప్పును. కథ పూర్వకాలపుదైనను, ఈ రెండవ వంత మధ్యలో ఆపి ప్రశ్న వేయగనే అది నేటి కథ యగును. పలనాటి రాజుల పోరు నడుచుచుండగా నల్లబజారు బియ్యపు ధర ప్రసక్తికి వచ్చును. జనులు ఫక్కున నవ్వుదురు. ఆ నవ్వు అణగకముందే కథకుడు కరుణరసమున ప్రవేశించి కన్నీరు పెట్టించును. నవ్వునకు, కన్నీటికి నడుమ నంత స్వల్పవ్యవధి మరి యే కళయందును నేను చూడలేదు.

నాజరు గారు ఇందు చేసిన మార్పులు మూడు విధములని నా యభిప్రాయము. వారు పాటను శాస్త్రీయరాగములతో సంస్కరించిరి గాని, దాని పల్లెవాసన పోనీయలేదు. నాటకానుభవముచే అభినయమును తెచ్చి, ఒక్కరే రాజుగను, భటుడుగను, తల్లిగను మారిపోయెడివారు. అన్నిటికంటె ముఖ్యముగా నడకను మార్చిరి. ముందుకు వచ్చుటయు, వెనుకకు పోవుటయు, వంతలతో కలిసి ఒక్కసారిగ తిరుగుటయు యుద్ధవర్ణనకు సరిపడునట్లు కూర్చిరి. ముగ్గురే యైనను సేనలు కదలినట్లుండెడిది.

వారు చెప్పిన కథలలో పలనాటి యుద్ధము, బొబ్బిలి యుద్ధము, అల్లూరి సీతారామరాజు, వీరాభిమన్యు, బెంగాలు కరువు ప్రసిద్ధములు. అల్లూరి వారు 1924లో వీరమరణ మొందినవారు. నాజరు గారి శ్రోతలలో ఆ మన్యపు పోరును చిన్ననాట వార్తగా విన్నవారే యెందరో యుండిరి. కనుక ఆ కథ వారికి పురాణము కాదు. పలనాటి కథయందు బ్రహ్మనాయుడు సకలకులములవారిని ఒక్క చాపపై కూర్చుండబెట్టి భోజనము చేయించిన చాపకూడు ఘట్టము గలదు. ఒక దూదేకుల బిడ్డ ఆ ఘట్టమును పాడుచుండగా, అగ్రకులములవారును, మాలమాదిగలును ఒకే యావరణమున కూర్చుండి వినుట సామాన్య విషయము కాదు. మన ఇండ్లలో పీరుల పండుగయు సంక్రాంతియు రెండును జరుపుకొను నలవాటును ఉభయవర్గములును ఆక్షేపించుచుండెడివి. నాజరు గారి నోట అభిమన్యుని కథ వెలువడినపుడు ఆ యాక్షేపణ మెవ్వరికిని తోచలేదు.

సంచారము సుఖమైనదని చదువరులు తలపరాదు. కృష్ణా డెల్టాలో కథల ఋతువు పంట యింటికి వచ్చినపిమ్మట ఆరంభమగును. ధాన్యము గాదెలలో పడి, రైతుకు తీరిక దొరకి, మాఘమాసపు తిరునాళ్ళు, శివరాత్రి, శ్రీరామనవమి పందిళ్ళు వరుసగా వచ్చు కాలమది. విజయవాడనుండి కాలువలవెంట బందరు, ఏలూరు దెసలకు పడవలుండెడివి. గుడివాడ, తెనాలి, రేపల్లెలకు రైలు గలదు. రైలు చేరని గ్రామమునకు ఎడ్లబండి, అదియు లేనిచోట కాలినడక. సంజవేళకు గ్రామము చేరుట, రైతింట భోజనము, రాత్రి రచ్చబండ దగ్గరనో, కళ్లములోనో బల్లలు పరచి వేదిక కట్టుట, పెట్రోమాక్సు దీపము వెలిగించుట. కథ రాత్రి భోజనములైన తరువాత మొదలై కోడికూతవరకు సాగును. ధ్వనివర్ధకము లేని యూళ్ళే యెక్కువ. వెనుక వరుసలోని ముసలివానికి సైతము ప్రతి మాట వినిపింపవలెను గదా! ఊపిరితిత్తులే ఆ కళకు మూలధనము. వరుసగా పది రాత్రులు కథ చెప్పినవాని గొంతు పదునొకండవ నాటికి ఎట్లుండునో, మిరియాల కషాయముతో దానిని మరల పలికించుట ఎట్టిదో, ఆ వృత్తిలో నున్నవారికే తెలియును. పగలు నిద్ర, అదియు మరొక యూరికి పోవు బండిలో. మన యిండ్లలో కథకుని భార్య నెలలకొలది ఒంటరిగా సంసార మీదవలసివచ్చెడిది. వేదికపై వచ్చిన చప్పట్లు ఇంటిలో బియ్యముగా మారవు.

దీనికి తోడు ప్రభుత్వ నిర్బంధము. 1947 ఆరంభమున మద్రాసు ప్రభుత్వము ప్రజాభద్రతా ఆర్డినెన్సును ప్రయోగించి కమ్యూనిస్టు కార్యకర్తలను నిర్బంధింప నారంభించెను. 1948 నుండి నిర్బంధము తీవ్రమయ్యెను. 1949లో ఆ పార్టీయే నిషేధింపబడెను. అంతటితో ప్రజానాట్యమండలి చెదరిపోయెను. ఆ రాజకీయములలో ఎవరిది తప్పు, ఎవరిది ఒప్పు అను విచారణ ఈ వ్యాసమున కప్రస్తుతము. కాని ఒక సంగతి మాత్రము చెప్పకతప్పదు. సంస్థ చెదిరినపుడు నాయకులకు ఏదో యొక దారి యుండును. ఊరూరు తిరిగి కథ చెప్పి బ్రతుకు కళాకారునికి ఊరిలో కథ నిషిద్ధమైనచో మిగులున దేమి? నేర్చిన విద్య యుండియు చెప్పుకొన వీలులేని దినములు అట్టివారి కెందరికో వచ్చెను.

రాజారావు గారు మద్రాసు చేరి 1953లో పుట్టిల్లు అను చిత్రము తీసిరి. నటి జమున గారికి అదియే తొలిచిత్రము. నాజరు గారి బుర్రకథకు అందు చోటు దొరకెను. 1954లో విడుదలయైన అగ్గిరాముడు చిత్రమున అల్లూరి సీతారామరాజు కథను వారి దళము చెప్పెను. నందమూరి తారకరామారావు గారు నాయకులైన ఆ చిత్రమును అనేకులు ఈ బుర్రకథకొరకే మరల మరల చూచిరి. కళ్లములో నాలుగు గంటలు సాగు కథ తెరపై కొలది నిమిషములకు కుదింపబడుట కళాకారునికి ఎట్లు తోచెనో గాని, ఆ కొలది నిమిషములు లేకున్నచో ఆ నడకను ఈనాటివారు చూచియుండరు.

నాజరు గారు మాత్రము చిత్రసీమలో స్థిరపడలేదు. మరల ఊళ్ళకే వచ్చిరి. నాటకరచనయందును వారికి ప్రవేశము గలదు. ఆసామి యను నాటకము వారు రచించినదే. అప్పటికి కాలము మారెను. 1948 డిసెంబరులో నెలకొన్న విజయవాడ ఆకాశవాణి కేంద్రము బుర్రకథలను ఇంటింటికి చేర్చెను. ఒకప్పుడు కథకులను వెంటాడిన ప్రభుత్వమే కుటుంబ నియంత్రణము, పొదుపు మొదలగు ప్రచారములకు బుర్రకథను వాడుకొనసాగెను. కొందరు దీనిని కళకు దక్కిన గౌరవ మందురు. లోకవ్యవహారము చెప్పు వంత, ప్రశ్న వేయుట మానినాడేమో యని నాకు సందేహము.

తమ విద్యను వారు దాచుకొనలేదు. ఎందరికో నేర్పిరి. కులము చూడక నేర్పిరి. ఆంధ్రదేశమున అనేక దళములు వారి నడకను, వారి వరుసలను అనుసరించినవే. పేరుచెప్పుకొనక అనుసరించినవారు మరి యెందరో.

1986లో భారత ప్రభుత్వము వారిని పద్మశ్రీ బిరుదముతో గౌరవించెను. బిచ్చగాండ్ర పాటగా తొలగద్రోయబడిన కళకు ఆ మర్యాద జరుగుటకు నలుబది సంవత్సరములు పట్టెను. మన కులములోనే ఆస్తిపరులు కొందరు, గజ్జెకట్టి ఊరూరు పాడువానిని తమ బంధువని చెప్పుకొనుటకు సంకోచించిన దినములు లేకపోలేదు. బిరుదము వచ్చిన మరునాడు అందరును బంధువులే యైరి.

వారి జీవితకథను అంగడాల వెంకటరమణమూర్తి గారు గ్రంథస్థము చేసిరి. ఆ గ్రంథమునకు పింజారి యని పేరు. ఆ పదమును విని తల దించుకొనినవారు మనలో వృద్ధు లందరును. పాఠశాలలో తోడిపిల్లల నోట, సంతలో బేరగాండ్ర నోట, పనికిమాలినవాడని నిందింపదలచిన ప్రతివాని నోట అది తిట్టుగనే వెలువడెడిది. దూది యేకువాని పేరు తిట్టుపద మెట్లయినదో భాషావేత్తలే చెప్పవలెను. పద్మశ్రీ బిరుదాంకితుని జీవితకథకు మరి యెన్ని పేర్లయిన కుదిరియుండును. ఆ పేరే అట్టపైన అచ్చుపడెను.

నాజరు గారు 1997 ఫిబ్రవరిలో కీర్తిశేషులైరి. అగ్గిరాముడు చిత్రము దొరకినవారు ఆ బుర్రకథ ఘట్టమున ఒక్క విషయము గమనింపుడు. కథకుడు పాట నాపి వంతవైపు తిరిగినపుడు, అందెల చేయి మాత్రము ఆగదు. మాటలాడుచున్నంతసేపును తాళము మెల్లగా సాగుచునే యుండును.